ఎంసీ కార్ట్రిడ్జ్‌కి లోడ్ 100 ఓమ్‌లా, 47 కిలో ఓమ్‌లా?

కొత్తసూది:
రికార్డ్ ప్లేయర్ సిగ్నల్‌ని పెంచే నా కొత్త ప్రీయాంప్‌లో రెండు ఫోనో (రికార్డ్ ప్లేయర్) ఇన్‌పుట్లున్నాయి. ఒకటి ఎంసీకి, అంటే కాయిల్ కదిలే రకం కార్ట్రిడ్జ్‌కి (సూది ఉండే భాగం) పెట్టాను. కార్ట్రిడ్జ్ అవుట్‌పుట్ 0.4 మిల్లీవోల్ట్, కాయిల్ 10 ఓమ్‌లు, గెయిన్ (సిగ్నల్ పెంపు) 60 డీబీ. లోడ్ దగ్గరే, అంటే కార్ట్రిడ్జ్‌కి ఇన్‌పుట్ చూపే రెసిస్టెన్స్ దగ్గరే, ఆగిపోయాను. 100 ఓమ్‌లకు పెడితే పాట ముసుగేసినట్టుంది, 47 కిలో ఓమ్‌లకు తేటగా ఉంది. ఏది ఉంచను? సన్నగా హమ్ (గుయ్‌మనే మోత) కూడా వస్తోంది, అది తర్వాత చూస్తా.

వైరుబాబు:
గ్రౌండ్ వైరు బిగించారా?

లెక్కలాయన:
100. కాయిల్‌కి కనీసం పదింతలు అన్నది పాత లెక్క. 47 కిలో ఓమ్‌లు ఎంఎంకి, అంటే అయస్కాంతం కదిలే రకానికి. చర్చ ముగిసింది.

ఎల్పీరసికుడు:
ముగియలేదండీ. "కనీసం" అన్నారు, మరి పైహద్దు ఎక్కడ? ఆయనకి తేటగా ఉందిగా, ఉంచుకోనివ్వండి. నాకు మొదటి ప్రీయాంప్ అమ్మినాయన ఇలాగే కాగితం చూసి 100కి పెట్టేసి వెళ్లాడు. ఏడాదిపాటు తీగ మీటు సరిగా వినపడక, తప్పు కార్ట్రిడ్జ్‌దనుకుని మార్చేశాను. ఆ డబ్బు మీరిస్తారా?

లెక్కలాయన:
మీ డబ్బుకీ ఓమ్ సూత్రానికీ సంబంధం లేదు. 10 ఓమ్‌ల కాయిల్‌కి 100 లోడ్ పెడితే సిగ్నల్‌లో పదకొండో వంతు పోతుంది, సుమారు 0.8 డీబీ. 47 కిలో ఓమ్‌లకు తిప్పగానే అది తిరిగొస్తుంది. మీరు తేటదనం అంటున్నది ఆ కాస్త హెచ్చు శబ్దాన్నే. ఎంసీ కాయిల్ ఇండక్టెన్స్ (పై స్వరాలకి అడ్డుపడే గుణం) బహు తక్కువ, 100 దగ్గర కూడా పై స్వరాలు తగ్గేది 20 కిలోహెర్ట్జ్‌కి ఎంతో ఎగువన.

తీగలరాయుడు:
కేబుల్ కెపాసిటెన్స్ (ఛార్జ్ పట్టి ఉంచే గుణం) ఎంతో చెప్పకుండా ఏమిటీ గొడవ?

లెక్కలాయన:
అది ఎంఎం గోల. 500 మిల్లీహెన్రీల ఎంఎం కాయిల్‌కి మొత్తం 250 పీకోఫారడ్‌లు తగిలితే రెజొనెన్స్ (ఒకచోట స్వరం ఉబ్బడం) 14 కిలోహెర్ట్జ్ దగ్గర, 400 అయితే 11 దగ్గర. అక్కడ కేబుల్ మారితే పాటే మారుతుంది. ఇక్కడ కాదు.

తీగలరాయుడు:
అయినా ఎంతో చెప్పాలి.

ఎల్పీరసికుడు:
లెక్కలాయన గారూ, పై స్వరాలు ఎలాగూ తగ్గవంటున్నారు. మరి 0.8 డీబీ పారేసుకుని 100 పెట్టడం దేనికి?

లెక్కలాయన:
రేడియో ఫ్రీక్వెన్సీల్లో కాయిలూ కేబులూ కలిసి మోగుతాయి. కొన్ని ఫోనో స్టేజీలకి అది పడదు. లోడ్ దాన్ని అణుస్తుంది. అయినా మీ వయసుకి 12 కిలోహెర్ట్జ్ పైన ఏం వినిపిస్తుందిలెండి.

ఎల్పీరసికుడు:
వయసు దాకా వచ్చారన్నమాట. "కొన్నింటికి పడదు" అన్నారే, ఆయనదానికి పడదని మీకెలా తెలుసు? నేను రికార్డుని బట్టి లోడ్ మారుస్తాను. గీపెట్టే రికార్డుకి 100, మిగతావాటికి 1 కిలో ఓమ్. నా చెవి, నా ఇష్టం.

లెక్కలాయన:
అదీ సంగతి! మీకు లోడ్ అంటే ట్రెబుల్ గుండీ. నాకు రికార్డులో ఉన్నది ఉన్నట్టు రావాలి. ఈ ముక్క మొదట్లోనే చెప్పుంటే సరిపోయేది.

ఎల్పీరసికుడు:
ఉన్నది ఉన్నట్టా? 1954లో ఆర్ఐఏఏ కర్వ్ (రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచే ఉమ్మడి కొలత) రాకముందు ఒక్కో కంపెనీది ఒక్కో కర్వ్. ఆ రికార్డులకి ఏది సరో ఎలా తేలుస్తారు? చెవితో కాదూ?

లెక్కలాయన:
నా ప్రీయాంప్‌లో ఆ కర్వ్‌లకి స్విచ్చుంది.

ఎల్పీరసికుడు:
ఆ స్విచ్చు ఎటు తిప్పాలో ఎవరు చెప్తారు?

కొత్తసూది:
వాల్యూమ్ సమం చేసి, మా అమ్మాయిని లోడ్ మార్చమని, నేను అటు తిరిగి కూర్చుని విన్నాను. పదిసార్లలో ఐదుసార్లు తప్పు చెప్పాను. 47 అనుకుని మెచ్చుకున్నది 100. హమ్ మాత్రం రెండింట్లోనూ ఉంది.

వైరుబాబు:
గ్రౌండ్ వైరు.