బేస్‌మెంట్ కాంక్రీటు గోడకి ప్యానెల్స్ నేరుగా కొట్టేయొచ్చా? (న్యూజెర్సీ)

ఎడిసన్_ఇల్లు:

అందరికీ నమస్తే. ఎడిసన్‌లో 1988 నాటి ఇల్లు. బేస్‌మెంట్ 24 అడుగులు బై 30 అడుగులు, ఎత్తు 8 అడుగులు, పోత కాంక్రీటు గోడలు. సంప్ పంపు (నేల కింద గుంటలో చేరే నీటిని బయటికి తోసేది) ఉంది, పనిచేస్తోంది. నేల మీద నీళ్లు ఎప్పుడూ నిలవలేదు. కానీ జులై, ఆగస్టు వస్తే చాలు, మెట్లు దిగగానే ముక్కిన వాసన. ఉత్తరం గోడ కింది మూడడుగులు చెయ్యి పెడితే జిల్లుమని, తడిగా తగులుతుంది. వెనక మూలలో గోడకి తెల్లటి ఉప్పు పిండి పేరుకుంది, గీకితే రాలుతుంది.

ఒక బెడ్‌రూమ్ (అమ్మావాళ్లు ఆర్నెల్లకి వచ్చినప్పుడు ఉండడానికి), మిగతాది హాలు చేద్దామని ప్లాన్. ఇద్దరు కాంట్రాక్టర్లు చూసి వెళ్లారు. మొదటాయన కాంక్రీటుకి చెక్క పట్టీలు కొట్టి, వాటి మీద పీవీసీ ప్యానెల్స్ బిగిస్తానంటున్నాడు, బూజు పట్టదని జీవితకాలం వారంటీ. రెండో ఆయనది టూ-బై-ఫోర్ చెక్కల ఫ్రేము, మధ్యలో ఫైబర్‌గ్లాస్ దూది, దాని మీద ప్లాస్టిక్ షీటు, పైన గ్రీన్ బోర్డు (చెమ్మ తట్టుకుంటుందనే జిప్సమ్ బోర్డు). ఎవరి మాట వినాలి? ప్యానెల్ ఏది కొనాలి?

తేమలెక్క:

ఇద్దరి మాటా వినకండి. ఏ ప్యానెల్ అన్నది ఆఖరి ప్రశ్న. ముందు ఆ తడి ఎక్కణ్ణుంచి వస్తోందో తేలాలి. గోడ అవతలి మట్టిలోంచి ఊరుతోందా, లేక గదిలో గాలే చల్లటి గోడకి తగిలి చెమట పడుతోందా? పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, వైద్యాలు మాత్రం పూర్తిగా వేరు.

పరీక్ష తేలికే. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు 18 అంగుళాల చదరంగా కత్తిరించి, నాలుగు అంచులూ గాలి పోకుండా డక్ట్ టేపుతో గోడకి అంటించండి. ఉత్తరం గోడ అడుగున ఒకటి, నడుమెత్తులో ఒకటి, ఉప్పు పట్టిన మూలలో ఒకటి, నేల మీద ఒకటి. రెండు మూడు రోజులు వదిలేయండి. షీటు వెనక, అంటే కాంక్రీటు వైపు, నీటి బొట్లు కడితే ఊట. గది వైపు కడితే చెమట. రెండు వైపులా కట్టినా ఆశ్చర్యపోవద్దు.

చెమట లెక్క చెప్తాను. జులైలో బయట 85 డిగ్రీల ఫారెన్‌హీట్, 65 శాతం తేమ అనుకోండి. ఆ గాలి 72 డిగ్రీలకి చల్లబడితే చాలు, నీళ్లు వదిలేస్తుంది. భూమిలో ఉన్న కాంక్రీటు అడుగు భాగం అప్పటికి అరవైల్లోనే ఉంటుంది. "గాలి ఆడాలి" అని వేసవిలో బేస్‌మెంట్ కిటికీలు తెరుస్తారు చూడండి, మన ఊళ్లో మంచి అలవాటే, ఇక్కడ మాత్రం ఆ నీటిని పిలిచి మరీ లోపల పోసుకోవడం. అదే కిటికీలు మూసి, డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ లాగే మెషిన్) పెట్టి లోపల 70 డిగ్రీలు, 50 శాతం దగ్గర నిలబెడితే గాలి నీరు వదిలే హద్దు 51 డిగ్రీలకి దిగిపోతుంది. వేసవిలో ఏ గోడా అంత చల్లగా ఉండదు. చెమట ఆగిపోతుంది.

ఉప్పు పిండి సంగతి వేరు. అది ఊటకి గుర్తు. నీళ్లు కాంక్రీటులోంచి వస్తూ అందులోని లవణాలు మోసుకొస్తాయి, నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. దాని మీద వాటర్‌ప్రూఫ్ పెయింటు వేయించుకోకండి. వెనకనుంచి ఉప్పు పెరిగి పెయింటుని పెచ్చులుగా తోసేస్తుంది. ముందు ఆ మూలకి బయటివైపు వెళ్లి పైకి చూడండి. పైకప్పు వాననీళ్ల గట్టర్ గొట్టం అక్కడే దిగుతోందని నా అనుమానం.

ఫ్రేమర్_మామ:

పై ఆయన చెప్పింది అయ్యాకే నా మాట. ముందు ఆ రెండు కొటేషన్లు ఎందుకు పాడవుతాయో చూద్దాం.

రెండో ఆయన పద్ధతి: ఫైబర్‌గ్లాస్ గాలిని ఆపదు. గదిలో తేమగాలి దాంట్లోంచి దూరి వెనక చల్లటి కాంక్రీటు దగ్గర నీరవుతుంది. అటు కాంక్రీటులోంచి వచ్చే తేమకి ఇటు ప్లాస్టిక్ షీటు అడ్డం. మధ్యలో చెక్కా, కాగితం తగిలించిన దూదీ నానుతూ కూర్చుంటాయి. బూజు ముందు చెక్క అడుగు పట్టీ మీద, తర్వాత బోర్డు వెనక కాగితం మీద లేస్తుంది. ముందునుంచి చూస్తే ఏళ్ల తరబడి గోడ తళతళలాడుతూనే ఉంటుంది, వాసన తప్ప ఏమీ తెలీదు. గ్రీన్ బోర్డు కూడా కాగితం తొడుగు ఉన్నదే. అది బాత్రూమ్ చెమ్మని కాస్త తట్టుకోవడానికి చేసింది.

మొదటాయన పద్ధతి: పీవీసీకి బూజు పట్టకపోవచ్చు, ఒప్పుకుంటా. దాని వెనక చెక్క పట్టీ కాంక్రీటుకి ఆనుకునే ఉంది కదా? వారంటీ కాగితం చదవండి, అందులో ఉండేది ప్యానెల్ గురించే, ప్యానెల్ వెనక గోడ గురించి కాదు.

నిలిచే గోడ కాంక్రీటు నుంచి లోపలికి ఈ వరసలో ఉండాలి:

1. ఎక్స్‌పీఎస్ (గట్టి పాలీస్టైరీన్) ఫోమ్ బోర్డు, 2 అంగుళాలు. గులాబీ రంగులోనో నీలం రంగులోనో దొరుకుతుంది. 2 అంగుళాలకి ఆర్-10 వస్తుంది (ఆర్ అంటే వేడి దాటకుండా ఆపే శక్తికి కొలత). ఎడిసన్ ఉన్న మిడిల్‌సెక్స్ కౌంటీ కోడ్ లెక్కలో వాతావరణ జోన్ 4, అక్కడికి ఇది సరిపోతుంది. పక్కనున్న సోమర్‌సెట్ కౌంటీ అయితే జోన్ 5, ఆర్-15 అడుగుతారు. కాంక్రీటుకి ఫోమ్‌ని కరిగించని జిగురుతో అంటించాలి. మామూలు నిర్మాణ జిగురు కొన్ని రకాలు ఫోమ్‌ని తినేస్తాయి, ట్యూబు మీద "ఫోమ్ బోర్డ్" అని ఉందో లేదో చూడండి. అతుకులన్నీ టేపు, కింద పైన అంచులకి క్యాన్ ఫోమ్ (డబ్బాలోంచి కొట్టే నురగ). ఇక్కడ గాలి దూరే సందు ఒక్కటి మిగిలినా ఆ సందులోనే చెమట పడుతుంది.

2. ఫోమ్‌కి ఆనించి టూ-బై-ఫోర్ ఫ్రేము, 16 అంగుళాలకొక స్టడ్ (నిలువు చెక్క). నేల మీద పడే పట్టీ మాత్రం ప్రెజర్ ట్రీటెడ్ (కుళ్లకుండా మందు పట్టించిన) చెక్క, దాని కింద సిల్ గ్యాస్కెట్ అనే పలచటి ఫోమ్ రిబ్బను.

3. ప్లాస్టిక్ షీటు వద్దు. వేయించొద్దు. ఎవరు చెప్పినా వద్దు.

4. కాగితం లేని బోర్డు, అంటే రెండు వైపులా గాజు నార తొడుగు ఉన్న అర అంగుళం జిప్సమ్. డెన్స్‌ఆర్మర్ ప్లస్ లాంటివి. ఊదారంగు బోర్డు కూడా ఫర్వాలేదు, దాని కాగితానికి మందు పట్టించి ఉంటుంది, కానీ కాగితం కాగితమే. బోర్డు అడుగు నేలకి తగలకుండా అర అంగుళం ఎత్తి కొట్టాలి. తగిలితే నేల మీద చుక్క నీళ్లు పడినా వత్తిలా పైకి పీల్చుకుంటుంది.

గాజు నార బోర్డుకి ఒక చిరాకు ఉంది. పైభాగం గరుకు, కోస్తే చేతులు దురద. నున్నగా రావాలంటే గోడంతా పలచగా జాయింట్ కాంపౌండ్ పూత లాగాలి. మేస్త్రీకి ముందే చెప్పకపోతే తర్వాత గొడవ.

పీవీసీ_పార్టీ:

మామగారితో సగం ఒప్పుకుంటా. పీవీసీని చెక్క పట్టీల మీద నేరుగా కొట్టడం తప్పే, కానీ పీవీసీ తప్పు కాదు. వాషింగ్ మెషిన్ వెనక గోడ, వాటర్ హీటర్ పక్క, బార్ సింక్ ఉన్న చోట 16 అంగుళాల వెడల్పు ఇంటర్‌లాక్ ప్యానెల్ కంటే మంచిది లేదు. హోస్ పగిలినా తుడుచుకుంటే సరి. ఫోమ్, ఫ్రేము, జిప్సమ్ అన్నీ మామూలుగా వేసి, జిప్సమ్ మీద పీవీసీ వేయండి.

జిప్సమ్ ఎందుకు తీసేయకూడదంటే, బిల్డింగ్ కోడ్ ప్రకారం ఫోమ్‌కీ గదికీ మధ్య నిప్పుని ఆపే తొడుగు (థర్మల్ బారియర్) ఉండాలి, అర అంగుళం జిప్సమ్ అందుకు చాలు. సేల్స్ వాళ్లు "మా ప్యానెల్ క్లాస్ ఏ" అంటారు. అది మంట ఉపరితలం మీద ఎంత వేగంగా పాకుతుందో చెప్పే పరీక్ష మాత్రమే. వెనక ఫోమ్‌ని కాపాడుతుందని అర్థం కాదు. ఫోమ్ అతికించిన రెడీమేడ్ ప్యానెల్ అమ్మితే, థర్మల్ బారియర్ లేకుండా వాడొచ్చని టెస్ట్ రిపోర్ట్ చూపించమనండి. చూపించలేకపోతే ఇన్‌స్పెక్టర్ దగ్గర ఆగిపోయేది మీరే.

ఇంకోటి. మెగ్నీషియం ఆక్సైడ్ బోర్డు "బూజు పట్టదు, నిప్పు అంటదు" అని వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరుగుతోంది. క్లోరైడ్‌తో చేసిన రకం తేమ గాలి పీల్చి ఉప్పునీరు కారుస్తుంది, మేకులూ స్క్రూలూ తుప్పు పడతాయి. డెన్మార్క్‌లో ఎన్నో భవనాల బయటి గోడల్లోంచి ఆ బోర్డులు ఊడబీకాల్సి వచ్చింది. చెమ్మ ఉన్న బేస్‌మెంట్‌లో దాని జోలికి పోవద్దు.

ఎడిసన్_ఇల్లు:

అందరికీ థాంక్సండీ. షీట్లు మూడు రోజులు ఉంచాను. ఉత్తరం గోడ రెండు షీట్లకీ గది వైపే బొట్లు, వెనక పొడి. మూలలో షీటు వెనక తడి. నేల పొడి. తేమలెక్క గారన్నట్టు ఆ మూల మీదే గట్టర్ గొట్టం దిగి, గోడకి అడుగు దూరంలో నీళ్లు వదిలేస్తోంది. అక్కడ కాంక్రీటులో వెంట్రుకవాసి నిలువు పగులు కూడా కనిపించింది. సామాను ఎంత పడుతుందో, ఏది ముందు ఏది వెనకో చెప్తారా?

తేమలెక్క:

మంచి కబురే. గట్టర్ గొట్టాన్ని కనీసం 6 అడుగులు, కుదిరితే 10 అడుగుల దూరానికి లాగండి. గోడ చుట్టూ మట్టి మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాలు వాలాలి. పాత ఇళ్లలో పునాది పక్క మట్టి కుంగి, వాలు ఇంటివైపే తిరిగి ఉంటుంది. నిలువు పగులుకి పాలీయురేథేన్ ఇంజెక్షన్ చాలు. అడ్డంగా పగిలి గోడ లోపలికి ఉబ్బి ఉంటే మాత్రం అది మట్టి ఒత్తిడి, స్ట్రక్చరల్ ఇంజనీరు చూసేదాకా ఏమీ కప్పొద్దు. ఇవి చేసి, రెండు మూడు గట్టి వానలు కురిశాక మూలలో మళ్లీ షీటు అంటించండి. అప్పుడు పొడిగా ఉంటేనే ఫోమ్ కొనండి.

ఈ లోపు రేడాన్ (మట్టిలోంచి ఇంట్లోకి ఊరే రేడియోధార్మిక వాయువు) టెస్ట్ కిట్ పెట్టేయండి. లీటరుకి 4 పికోక్యూరీలు దాటితే గొట్టం, ఫ్యాను వేయించాలి. గోడలు కట్టాక ఆ గొట్టానికి దారి దొరకదు.

ఫ్రేమర్_మామ:

సామాను లెక్క. చుట్టుకొలత 108 అడుగులు, ఎత్తు 8, అంటే 864 చదరపు అడుగులు. నాలుగు బై ఎనిమిది షీటుకి 32 చదరపు అడుగులు, అంటే ఫోమ్ 27 షీట్లు, కోతలకి కలిపి 30 తెప్పించండి. బెడ్‌రూమ్ లోపలి గోడ ఒక 22 అడుగులు అనుకుంటే దానికి రెండు వైపులా 11 బోర్డులు, బయటి గోడలకి 27, పదో వంతు వృథా కలిపి 42 బోర్డులు. సీలింగ్ వేరే. రెండూ కలిపి గోడ 130 అడుగులు, స్టడ్స్ అడుగుకి ఒకటి చొప్పున 130. 16 అంగుళాల లెక్కకి ఎక్కువే, కానీ మూలలకీ తలుపులకీ అవి పోతాయి. పన్నెండడుగుల ట్రీటెడ్ చెక్కలు 11, పైపట్టీకి మామూలువి 11. కాంక్రీటు స్క్రూలు 32 అంగుళాలకొకటి వేస్తే 50 పడతాయి. క్వార్టర్ అంగుళం స్క్రూకి 3/16 బిట్, రంధ్రం స్క్రూ దిగేదానికంటే అర అంగుళం లోతుగా తవ్వి, దుమ్ము ఊది తీసేయాలి. దుమ్ము ఉండిపోతే స్క్రూ సగంలో బిగుసుకుని మెడ విరుగుతుంది. నేల అంచు వెంట సంప్‌కి వెళ్లే డ్రెయిన్ ఉంటే అక్కడ కాంక్రీటు పలచన, ఆ వరసలో డ్రిల్ పెట్టకండి.

రిమ్ జాయిస్ట్ మర్చిపోవద్దు. గోడ పైన, నేల దూలాల మధ్య కనిపించే ఆ చెక్క గళ్లే చలికాలంలో అన్నిటికంటే చల్లటి చోటు. ఒక్కో గడికి 2 అంగుళాల ఫోమ్ ముక్క పావు అంగుళం తక్కువగా కోసి పెట్టి, నాలుగు వైపులా క్యాన్ ఫోమ్ కొట్టండి. విసుగు పనే. కాంట్రాక్టర్ దూది కుక్కి వెళ్లిపోయేది ఇక్కడే.

అమ్మావాళ్ల గది అన్నారు కాబట్టి: బెడ్‌రూమ్ అంటే మనిషి దూరి బయటికి వెళ్లగల కిటికీ తప్పనిసరి. తెరిచినప్పుడు 5.7 చదరపు అడుగుల ఖాళీ, ఎత్తు 24 అంగుళాలు, వెడల్పు 20 అంగుళాలకి తగ్గకూడదు, గడప నేల నుంచి 44 అంగుళాలు దాటకూడదు. కనీస ఎత్తు, కనీస వెడల్పు రెండూ కలిపి గుణిస్తే 5.7 రాదు, కాబట్టి ఏదో ఒకటి పెంచాలి. కాంక్రీటు కోత ఫ్రేమింగ్ కంటే ముందు. టౌన్‌షిప్ పర్మిట్ దానికంటే ముందు.

స్కర్టింగ్‌కి ఎండీఎఫ్ (చెక్క నార నొక్కి చేసిన బోర్డు) వద్దు, అదే మొదట ఉబ్బుతుంది. పీవీసీ ట్రిమ్ వేయించండి. వినైల్ వాల్‌పేపర్ కూడా వద్దు, మామూలు లేటెక్స్ పెయింటు చాలు.

ఎడిసన్_ఇల్లు:

ఆఖరి డౌటు. డీహ్యూమిడిఫయర్ బకెట్ రోజుకి రెండుసార్లు పారబోయాలా? ఇండియా వెళ్తే ఎలా?

పీవీసీ_పార్టీ:

బకెట్ నిండితే మెషిన్ ఆగిపోతుంది, మీరు వచ్చేసరికి మళ్లీ అదే వాసన. వెనక హోస్ బిగించే మర ఉంటుంది. హోస్ వాలుగా సంప్ గుంటలోకి వదిలేయండి, మూత మీద హోస్ పట్టేంత రంధ్రం చేసి చుట్టూ సీల్ చేయాలి. సంప్ దూరమైతే చిన్న కండెన్సేట్ పంపు పెట్టి లాండ్రీ సింక్‌లోకి తోయించండి. ఊరెళ్లే ముందు సంప్‌లో ఒక 5 గ్యాలన్ల బకెట్ నీళ్లు పోసి ఫ్లోట్ లేస్తోందో లేదో చూడండి, బ్యాటరీ బ్యాకప్ ఉంటే మెయిన్ పంపు ప్లగ్ పీకి దాన్నీ ఓసారి పరీక్షించండి. ప్లగ్ మళ్లీ పెట్టడం మర్చిపోకండి.