ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము సర్కారు బడికి పెట్టి ఉంటే?

లెక్కల పంతులు:
2008లో వైఎస్ ప్రభుత్వం బీసీ పిల్లలకూ కాలేజీ ఫీజు పూర్తిగా కడతామన్నప్పుడు నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. అందరూ ఆహా ఓహో అన్నారు. నేను అప్పుడూ ఇదే అన్నాను: డబ్బు పిల్లాడి పేరున బయల్దేరి కాలేజీ యజమాని దగ్గర తేలుతుంది. నాలుగైదేళ్లు తిరిగేసరికి ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు దాదాపు 700 అయ్యాయి. తర్వాత ఎన్ని మూతపడ్డాయో అందరికీ తెలుసు. రెండు రాష్ట్రాల్లోనూ ఒక్క టీచరే ఐదు తరగతులూ లాక్కొచ్చే ప్రాథమిక బడులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ సొమ్ము వాటికి పెట్టి ఉంటే ఈపాటికి కథ వేరు.

పాలమూరు పిల్లగాడు:
సార్, నేను ఆ పైసలతోనే బీటెక్ చేశాను. మా నాన్న పుణెలో తాపీపని చేసేవాడు. ఆ పథకం లేకపోతే ఇంటర్ అయ్యాక నేనూ అదే బస్సెక్కేవాణ్ని. మా ఇంట్లో నెల జీతం చూసిన మొదటి మనిషిని నేను. దీన్ని దండగ అంటారా?

గోదారి గట్టు:
35 వేలతో ఇంజనీరింగ్ ఏమిటండీ, హాస్టల్ ఖర్చుకే చాలదు.

స్కాలర్‌షిప్ సెక్షన్:
గట్టు గారూ, 2008లో 35 వేల పరిమితి లేదు. ఎంసెట్‌లో పదివేల లోపు ర్యాంకుకు పూర్తి ఫీజు, ఆపైన 35 వేలు అన్న నిబంధన కిరణ్ కుమార్ రెడ్డి హయాంలో వచ్చింది. ఎస్సీ, ఎస్టీలకు ఆ మెలిక లేదు. అసలు ఎస్సీలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచే ఉంది.

గోదారి గట్టు:
ఎవరు పెడితేనేం, 35 వేలే కదా ఇచ్చేది.

ఆర్‌టీఎఫ్ బాధితుడు:
మీకు పథకం గొప్పగానే కనిపిస్తుంది. ఈపాస్‌లో, అంటే ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్లో, శాంక్షన్ అయిందని చూపిస్తుంది, కాలేజీకి మాత్రం డబ్బు రాదు. కాలేజీ ఆఫీసులో నా మార్కుల మెమోల కవరు మీద పెన్సిల్‌తో 'ఆర్‌టీఎఫ్ డ్యూ' (ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి) అని రాసి బీరువాలో పడేశారు. కట్టాల్సింది ప్రభుత్వం, ఆగింది నా ఉద్యోగంలో జాయినింగ్. చివరికి నాన్న వడ్డీకి తెచ్చి కట్టాడు.

లెక్కల పంతులు:
చూశారా? నేను చెప్పేది ఇదే.

పాలమూరు పిల్లగాడు:
బకాయి పెట్టడం తప్పు, పథకం తప్పు కాదు. అది వేరు, ఇది వేరు.

సర్వేల్ పూర్వ విద్యార్థి:
మధ్యేమార్గం ఉందిగా. 1971లో పీవీ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకులం పెట్టారు. తిండి, బట్ట, చదువు అన్నీ అక్కడే. ఆ దారిలో పోయి ఉంటే ఈ గొడవే లేదు.

లెక్కల పంతులు:
గురుకులాన్ని కాదనను. కానీ ఎంట్రన్స్ పెట్టి చురుకైన పిల్లల్ని ఏరుకుపోతారు. ఐదో తరగతికి వచ్చినా భాగహారం రాని పిల్లాడు మామూలు సర్కారు బడిలోనే మిగులుతాడు. వాడి గురించి మాట్లాడేవాడు ఇక్కడ ఒక్కడూ లేడు.

పాలమూరు పిల్లగాడు:
ఒక్క మాట అడుగుతా సార్, కోపం తెచ్చుకోకండి. మీ పిల్లలు ఎక్కడ చదివారు?

లెక్కల పంతులు:
కోపమెందుకు బాబూ. మా అమ్మాయిని విజయవాడలో కార్పొరేట్ స్కూల్లోనే చేర్పించాను. మా బడిలో ఏ సబ్జెక్టుకు మనిషి లేడో నాకు తెలుసు కాబట్టే చేర్పించాను. లోపల ఉండి చూసినవాణ్ని కాబట్టే బడి ముందు అంటున్నాను.

పాలమూరు పిల్లగాడు:
అంటే బడి బాగుపడేదాకా మీ అమ్మాయి ఆగక్కర్లేదు, మేము మాత్రం ఆగాలి. డబ్బున్నోళ్లు నచ్చిన చోట చేరతారు. మాకు ఆ వీలు దొరికింది ఈ పథకంతోనే, అది మీకు దుబారాగా కనిపిస్తోంది. మాది చెత్త కాలేజీయే, ఒప్పుకుంటా, సీ ప్రోగ్రాములు బోర్డు మీద చూసి నోటుబుక్కులో ఎక్కించుకునేవాళ్లం, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టేది ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడే, అయినా ఆ డిగ్రీ లేకపోతే నన్ను ఇంటర్వ్యూ గేటు దాకా రానిచ్చేవాళ్లు కాదు.

లెక్కల పంతులు:
నువ్వు గట్టెక్కావు, సంతోషం. నీ బెంచీ మీద కూర్చున్న మిగతావాళ్లు? బ్యాక్‌లాగులు పోక డెలివరీ బ్యాగు తగిలించుకున్నవాళ్లు నా దగ్గర చదివిన పిల్లలే. వాళ్ల నాలుగేళ్లూ పోయాయి, ప్రభుత్వ సొమ్మూ పోయింది. ఆ కాలేజీకి ఒక్క రూపాయి కోత పడలేదు.

పాలమూరు పిల్లగాడు:
అయితే కాలేజీకి కోత పెట్టమనండి సార్, నేనూ సంతకం పెడతా. పిల్లలకు ఎందుకు?

లెక్కల పంతులు:
ఎవరు పెడతారు? సగం కాలేజీలు నాయకులవే.

ఆర్‌టీఎఫ్ బాధితుడు:
మీ ఇద్దరి పంచాయితీ తెగేలోపు ఎవరైనా ఇది చెప్పండి. చెల్లికీ ఇదే కాలేజీ, వచ్చే నెల టీసీ కావాలి. ఎవరికి రాయాలి?

స్కాలర్‌షిప్ సెక్షన్:
యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతిచ్చే ఏఐసీటీఈ గ్రీవెన్స్ పోర్టల్లో కూడా పెట్టండి. ఈపాస్ స్టేటస్ ప్రింటు జతచేయండి. ఫోన్లో మాట్లాడితే పని కాదు.