వాల్వులు పెట్టి చూడాలా, సాకెట్లు చూశాక పెట్టాలా? (పాత యాంప్లిఫయరు)

నాగావళి_గట్టు:
అన్నలూ సాయం కావాలి. శ్రీకాకుళంలో మైకుసెట్టు షాపు ఒకటి మూసేస్తుంటే పాత వాల్వు (లోపల వెలిగే గాజు గొట్టాల) యాంప్లిఫయరు కొనీసాను. తొమ్మిది పిన్నుల సాకెట్లు అయిదున్నాయి, వాల్వులు మాత్రం తీసీసి పేపర్లో చుట్టి ఇచ్చారు. ఈసీసీ83 (మైకు సిగ్నల్ పెంచే పొట్టివి) రెండు, ఈఎల్84 (స్పీకరుకి పవరిచ్చే పొడుగువి) రెండు, అయిదోదాని మీద అక్షరాలు చెరిగిపోయాయి. ఏది ఎక్కడో రాసిన కాగితం లేదు, ఏ వాల్వయినా ఏ సాకెట్లోనయినా పట్టేస్తాది. పెట్టి ఆన్ చేసి ఏది వెలుగుతాదో చూసుకోమంటున్నాడు మా ఫ్రెండు. చెయ్యొచ్చా?

పాతమైకు_రాజాం:
చెయ్యొచ్చు బాబూ, భయం ఏటీ లేదు. పొట్టివి మైకు సాకెట్ల పక్క, పొడుగువి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పక్క, మిగిలింది మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. సిరిమాను పండక్కీ అరసవల్లి రథసప్తమికీ మేం సెట్లు కట్టినప్పుడు మీటరు పట్టుకుని ఎవడూ కూర్చోలేదు. వెలిగిందంటే కరెక్టు, వెలగలేదంటే మార్చి పెట్టడమే.

గంటస్తంభం_రేడియో:
మాస్టారూ మీ అనుభవం మీద గౌరవం ఉంది, ఆ వరస కూడా చాలా సెట్లలో నిజమే, కానీ "వెలిగితే కరెక్టు" అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను, ఎందుకంటే ఈ మూడు రకాల్లో అది రెండు వైపులా మోసం చేస్తుంది.

ఈఎల్84కి ఫిలమెంటు, అంటే లోపల వెలిగే తీగ, 4, 5 పిన్నులు. ఆ అయిదోది ఈజెడ్81 రెక్టిఫయరు (ఏసీని డీసీ చేసేది) అయ్యుంటుంది, దానికీ ఫిలమెంటు 4, 5 పిన్నులే, రెండూ 6.3 వోల్టులే. ఒకదాని చోట ఇంకోటి పెట్టినా చక్కగా వెలుగుతాయి, హెచ్‌టీ (వాల్వులకి కావాల్సిన హైవోల్టేజి డీసీ) మాత్రం సరిగా రాదు, మనం ట్రాన్స్‌ఫార్మర్ పోయిందనుకుని కూర్చుంటాం. ఇక ఈసీసీ83 సాకెట్లో 6.3కి కట్టినప్పుడు 4, 5 కలిపి సోల్డరింగ్ చేసుంటారు, రెండో కొస 9కి వెళ్తుంది. అందులో ఈఎల్84 పెడితే అసలు వెలగదు, మంచి వాల్వుని చచ్చిపోయిందని పక్కన పడేస్తాం. దీనికి తిరగేసి చేశామా, అంటే ఈఎల్84 చోట ఈసీసీ83 పెట్టామా, అది ఇంకా ఘోరం. ఈఎల్84కి 9 స్క్రీన్ గ్రిడ్, అక్కడ మూడొందల వోల్టుల దాకా ఉంటుంది, అదంతా పోయి ఈసీసీ ఫిలమెంటు మధ్యలో పడుతుంది. ఇప్పుడు పాత వాల్వు ఒకటి పోతే మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి.

తమ్ముడూ, ప్లగ్గు తీసి, పెద్ద కండెన్సర్లలో చార్జి లేదని మీటరుతో చూసుకున్నాకే చాసిస్ (సాకెట్లున్న రేకు పెట్టె) తిరగెయ్యి, ఆఫ్ చేశాక కూడా షాక్ కొడతాయవి. కింద నుంచి చూస్తే పిన్నుల మధ్య పెద్ద ఖాళీ దగ్గర మొదలెట్టి గడియారం ముల్లు తిరిగే వైపు 1, 2, 3. ఏడో పిన్ను అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి పోతే ఈఎల్84. 1, 7 రెండూ మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌కి పోతే రెక్టిఫయరు. 4, 5 కలిసుంటే ఈసీసీ. చెరిగిన వాల్వు మీద నోటి ఆవిరి పట్టించి టార్చి ఏటవాలుగా కొట్టి చూడు, అక్షరాల జాడ కనిపించొచ్చు, గుడ్డతో మాత్రం రుద్దకు, ఉన్నదీ పోతుంది.

పాతమైకు_రాజాం:
4, 5 సంగతి సరే బాబూ ఒప్పుకున్నాను. కానీ కుర్రాడిని మరీ భయపెట్టీకు, సాకెట్లు చదివేంతసేపు కూర్చుంటే ఎవడూ సెట్టు బాగు చెయ్యడు.

బొబ్బిలి_వీణ:
నా లెక్కలో సాకెట్ల గొడవకంటే కండెన్సర్లు ముఖ్యం. అన్నేళ్ల ఎలక్ట్రోలైటిక్‌లు (ఆ పెద్ద కండెన్సర్లు) ఆన్ చెయ్యకుండానే మార్చీడమే.

గంటస్తంభం_రేడియో:
ఎలక్ట్రోలైటిక్‌ల మీద నీతో ఏకీభవిస్తాను. కానీ చెయ్యాల్సింది వరసలో చెయ్యాలి. వాల్వులేవీ లేకుండా, మెయిన్స్‌కి సిరీస్‌లో 60 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టి ఆన్ చెయ్యండి. ఎల్‌ఈడీ పనికిరాదు, కోళ్ల ఫారాల సామాన్ల షాపుల్లో పిల్లలకి వేడికి పెట్టే బల్బులు అడగండి. మెరిసి తగ్గిపోతే మంచిది, నిండుగా వెలుగుతూనే ఉంటే షార్టు ఉంది, ఇక ముందుకెళ్లకండి. తరవాత ఈఎల్84లు పక్కన పెట్టి మిగతావి వేసి, ఈఎల్84 సాకెట్ల రెండో పిన్ను (సిగ్నల్ లోపలికెళ్ళే గ్రిడ్) మీద డీసీ చూడండి. క్యాథోడ్ రెసిస్టరుతో బయాస్ (వాల్వు కరెంటుకి అదుపు) ఇచ్చిన సెట్టయితే అక్కడ సున్నా ఉండాలి. స్పీకరో, దానికి సమానమైన ఓముల రెసిస్టరో కట్టకుండా ఈఎల్84లు పెట్టి సిగ్నల్ ఇవ్వొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

నాగావళి_గట్టు:
అన్నా అన్నీ మీరు చెప్పినట్టే చేసాను. ఎలక్ట్రోలైటిక్‌లు మార్చీసాను, ఆవిరి పట్టిస్తే 81 అని కనపడింది. రాజాం మాస్టారు చెప్పిన వరసలో ఒక్కటే తేడా, మైకు పక్కనున్న సాకెట్టు రెక్టిఫయరుది, ఎవరో మార్చినట్టున్నారు, సోల్డరింగ్ కొత్తగా మెరుస్తోంది. బల్బు మెరిసి తగ్గింది. రెండో పిన్ను మీద ఒక సాకెట్లో సున్నా, ఇంకోదాంట్లో ప్లస్ 9 వోల్టులు.

పాతమైకు_రాజాం:
రెక్టిఫయరు మైకు పక్కనా! హమ్ (స్పీకర్లో గుయ్ మనే చప్పుడు) రాదేటి? ఎవడు చేసాడో గానీ. అది మాత్రం నా లెక్కకి దొరికేది కాదు.

గంటస్తంభం_రేడియో:
ఆ 9 వోల్టులు కప్లింగ్ కండెన్సరు (ముందు వాల్వు నుంచి సిగ్నల్ వదిలి డీసీ ఆపేది) లీకు. ఈఎల్84 పెట్టుంటే ప్లేటు ఎర్రగా కాలేది. అదే విలువ కండెన్సరు 630 వోల్టులది తెచ్చి రెండు సాకెట్లకీ మార్చు, మళ్ళీ కొలువు, రెండు చోట్లా సున్నా వచ్చాకే ఈఎల్84లు పెట్టు.