సెల్లార్‌లో ఎస్‌యూవీ రాసుకుపోయిన మస్టాంగ్ జీటీ: డెంట్ తీయించాలా, పెయింట్ వేయించాలా, క్లెయిమ్ చేయాలా?

సెల్లార్_బి2

2018 మస్టాంగ్ జీటీ, మాగ్నెటిక్ గ్రే రంగు, హైదరాబాద్ బండి. ఇప్పటిదాకా ఏ ప్యానెల్‌కూ రీపెయింట్ లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పక్క స్లాట్ తెల్ల ఎస్‌యూవీ రివర్స్ చేస్తూ ఎడమవైపు వెనక భాగాన్ని రాసుకుంటూ పోయింది. ఓనర్ ఒప్పుకున్నారు, ఖర్చు ఇస్తామన్నారు.

ఎడమ వెనక క్వార్టర్ ప్యానెల్ మీద, చక్రానికీ టెయిల్ ల్యాంపుకూ మధ్య 9 సెంటీమీటర్ల డెంట్ ఉంది, మధ్యలో సన్నటి మడత గీత కనిపిస్తోంది. బంపర్ మూల జానెడు మేర తెల్ల పెయింట్ అంటుకుంది, అందులో రెండు చోట్ల నల్ల ప్లాస్టిక్ తేలింది. ఎడమ వెనక అల్లాయ్ అంచు గీసుకుపోయింది. ఇవి కాక ఎడమ ముందు ఫెండర్ మీద రూపాయి బిళ్ళంత సొట్ట ఉంది. అది పాతది, ఎవరో డోర్ తగిలించింది.

బాడీషాప్ వాళ్ళు క్వార్టర్‌కు పుట్టీ పెట్టి, ఎడమవైపు మొత్తం పెయింట్ వేసి, అంతా ఒకే క్లెయిమ్‌లో పెట్టేద్దామంటున్నారు. ఒరిజినల్ పెయింట్ పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. పెయింట్ లేకుండా డెంట్ తీసే పీడీఆర్ ఇక్కడ పనికొస్తుందా? క్లెయిమ్ చేయడం లాభమా, నష్టమా?

డెంట్_పని

బాడీషాప్‌కు ఇంకా ఓకే చెప్పకండి. పుట్టీ ఒకసారి పడితే ఒరిజినల్ ప్యానెల్ అన్న మాట ఇక ఉండదు.

ముందు తేల్చాల్సింది ఒక్కటే: మడత గీత దగ్గర పెయింట్ పగిలిందా లేదా. ఆ చోటు షాంపూతో కడిగి, ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిచి, చీకట్లో టార్చ్‌ని ప్యానెల్‌కు దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పంపండి. మడత వెంట వెంట్రుకంత తెల్లటి చీలికలు కనిపిస్తే క్లియర్ కోట్ (రంగు మీది పారదర్శక పొర) పగిలినట్టే. గోరు పెట్టి అడ్డంగా గీస్తే ఎక్కడా పట్టుకోకూడదు. పగలకపోతే పీడీఆర్‌కు నిక్షేపంగా పనికొస్తుంది. పగిలినా పీడీఆర్ దండగ కాదు. రేకును ముందు లోపలినుంచి పైకి తెప్పిస్తే, పుట్టీ మిల్లీమీటర్ల మందంలో కాకుండా పల్చటి పొరతో సరిపోతుంది. పెయింటర్ దగ్గరికి వెళ్ళే ముందు ఈ మెట్టు చాలామంది దాటేస్తారు.

ఈ కారులో క్వార్టర్ ప్యానెల్ స్టీలు. వెల్డ్ చేసి ఉంటుంది కాబట్టి కోసి మార్చే మాట ఎవరన్నా ఎత్తితే అక్కణ్నుంచి వచ్చేయండి, ఈ దెబ్బకు అది అక్కర్లేదు. డిక్కీ లోపలి లైనింగ్ తీసి, టెయిల్ ల్యాంప్ బయటికి తీస్తే రాడ్డు పెట్టడానికి దారి దొరుకుతుంది. చక్రం ఆర్చి అంచుకు మూడు నాలుగు సెంటీమీటర్ల లోపు మాత్రం రేకు రెండు పొరలు, రాడ్డు వెళ్ళదు. అక్కడ బయటినుంచి జిగురు ట్యాబ్‌తో లాగాలి. ఫ్యాక్టరీ పెయింట్ దాన్ని తట్టుకుంటుంది, రీపెయింట్ అయితే జిగురుతోపాటు పెయింటూ ఊడొస్తుంది. అందుకే ముందు మందం మీటర్‌తో కొలిపించుకోండి. ఫ్యాక్టరీ పెయింట్ మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య చూపిస్తుంది. 200 దాటితే ఎవరో ఎప్పుడో చెయ్యి పెట్టినట్టు అనుమానించాలి.

పనివాడు మంచివాడా కాదా అన్నది మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. గీతలున్న ఎల్ఈడీ బోర్డు ప్యానెల్ ఎదురుగా పెడతాడు. డెంట్ దగ్గర ఆ గీతలు లోపలికి వంగి, దాని చుట్టూ మళ్ళీ బయటికి ఉబ్బినట్టు కనిపిస్తాయి. ఆ ఉబ్బే అసలు సంగతి. గుంట దిగినప్పుడు చుట్టూ రేకు పైకి లేచి బిగుసుకుంటుంది. ముందు నైలాన్ మొనతో ఆ ఉబ్బుని మెల్లగా కిందికి తట్టి బిగువు తీయాలి. ఆ తరవాతే మడత చివరల నుంచి మధ్యకు, ఆవగింజంత జరుపుతో వందల నొక్కులు. వచ్చీ రాగానే గుంట నడిమధ్యలో రాడ్డు పెట్టి గట్టిగా నెట్టాడంటే అక్కడ మొటిమలాంటి మిట్ట లేస్తుంది. రేకు సాగిపోయాక దాన్ని పూర్తిగా సరిచేయడం ఎవరి వల్లా కాదు.

దారి దొరకలేదని లోపలి రేకుకు డ్రిల్ వేస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ రంధ్రం దగ్గరే తుప్పు మొదలవుతుంది.

ముందు ఫెండర్ సంగతి వేరు. ఈ కారుకి బానెట్, ముందు ఫెండర్లు అల్యూమినియం. అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోదు. స్టీలులా అల్యూమినియం తన పాత ఆకారానికి తేలిగ్గా రాదు, చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ నెడితే పగులుతుంది. హీట్ గన్‌తో వెచ్చబెట్టి, ఇంకా చిన్న నొక్కులతో చేయాలి. స్టీలు మీద చెయ్యి తిరిగినవాళ్ళందరికీ ఇది రాదు, ఆ మాట ముందే అడగండి. సొట్ట చిన్నది, వీల్ ఆర్చ్ లైనర్ తీస్తే వెనకనుంచి అందుతుంది, కాబట్టి వచ్చేస్తుంది. ఒకవేళ ఆ ఫెండర్‌ను రుద్దాల్సి వస్తే స్టీలుకు వాడిన శాండ్ పేపర్, బ్రష్ దాని మీద వాడనివ్వకండి. ఇనుప రజను అల్యూమినియంలో దిగితే పెయింట్ కింద పొక్కులు వస్తాయి.

పాలసీ_పేపర్

క్లెయిమ్ గురించి. బాడీషాప్ చెప్పినట్టు పాత ఫెండర్ సొట్టను కూడా దీన్లో కలపొద్దు. వేరే రోజు, వేరే కారణంతో తగిలిన దెబ్బ వేరే క్లెయిమ్ కిందికి వస్తుంది. సర్వేయర్ దెబ్బ దిశ, ఎత్తు చూసి ఇట్టే పట్టేస్తాడు. అప్పుడు నిజమైన క్లెయిమ్ కూడా అనుమానంలో పడుతుంది.

ఇక లెక్క. ఐదేళ్ళు దాటిన కారు కాబట్టి మీకు జీరో డెప్ (పార్టుల అరుగుదల పేరుతో కోత లేకుండా చేసే యాడ్ఆన్) లేదనుకుంటున్నాను. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం కోత, 5 నుంచి 10 ఏళ్ళ కారు లోహ భాగాలకు 40 శాతం కోత. కొత్త పార్టు వేస్తేనే ఇది నొప్పి. రిపేర్ కూలీకి కోత లేదు. పెయింట్‌కి మెటీరియల్ ఖర్చులో సగం కోస్తారు. బిల్లు కలిపి ఉంటే పెయింటింగ్ మొత్తంలో 25 శాతాన్ని మెటీరియల్‌గా లెక్కేస్తారు. 1500 సీసీ దాటిన కారుకు తప్పనిసరి కోత 2,000.

మాటవరసకి పెయింటింగ్ 36,000, కూలీ 22,000, మొత్తం 58,000 బిల్లు అనుకోండి. మెటీరియల్ 9,000, అందులో సగం 4,500 పోయింది. ఇంకో 2,000 తీసేస్తే చేతికి 51,500 వస్తుంది. బాగానే ఉందనిపిస్తుంది. ఇప్పుడు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్ళకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, చూడండి. మీది 50 శాతం మెట్టు మీద ఉంటే ఒక్క క్లెయిమ్‌తో సున్నాకి పడిపోతుంది. ఆ తరవాత మళ్ళీ 20, 25, 35, 45, 50 అని ఎక్కాలి. పోగొట్టుకునేది వరసగా 50, 30, 25, 15, 5 శాతం, కలిపితే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో (సొంత కారు నష్టానికి కట్టే భాగం) 125 శాతం. బోనస్ తీయకముందు ఆ ప్రీమియం 40,000 ఉంటే ఐదేళ్ళలో 50,000 దాకా పోతుంది. ఏటా ఐడీవీ (బీమా లెక్కలో కారు విలువ) తగ్గుతుంది కాబట్టి నిజానికి కొంచెం తక్కువే పోవచ్చు. అయినా 51,500 కోసం దాదాపు అంతే వదులుకుంటున్నారు. బోనస్ ప్రొటెక్షన్ యాడ్ఆన్ ఉంటే మాత్రం లెక్క మారుతుంది, పాలసీ కాగితం తీసి చూడండి.

పక్కవారు ఇస్తామన్నారు కాబట్టి అదే మేలు. వాళ్ళ థర్డ్ పార్టీ పాలసీలో ఆస్తి నష్టానికి 7.5 లక్షల దాకా కవర్ ఉంటుంది గానీ, దాన్ని రాబట్టుకోవాలంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి. పైగా ప్రైవేట్ సెల్లార్ పబ్లిక్ ప్లేస్ కాదని వాదన లేవదీస్తారు. ఇంత దెబ్బకు ఆ దారి వద్దు. తేదీ, రెండు కార్ల నంబర్లు, ఏ భాగాలకు తగిలింది, ఖర్చు వారు భరిస్తారు అని నాలుగు లైన్లు రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. పొరుగువాళ్ళు కదా, మొహమాటపడొద్దు. డబ్బు షాపుకే నేరుగా పంపమనండి. వాళ్ళ దగ్గర తీసుకుని మీ పాలసీలో కూడా క్లెయిమ్ చేయడం మాత్రం కుదరదు. క్లెయిమ్ కట్టిన కంపెనీకి ఆ మొత్తం వారి దగ్గర వసూలు చేసుకునే హక్కు వస్తుంది.

సీసీటీవీ ఈరోజే పెన్ డ్రైవ్‌లోకి తీసుకోండి. డీవీఆర్ నిండగానే పాతది చెరిపేసుకుంటుంది. దెబ్బ పక్కన టేపు నిలబెట్టి నేల నుంచి ఎత్తు కనిపించేలా ఒక ఫొటో, అదే ఎత్తులో ఎస్‌యూవీ బంపర్ మీది గ్రే మరక ఫొటో ఒకటి తీసుకోండి. రేపు మాట మారితే ఈ రెండూ చాలు. ఎలాగైనా క్లెయిమే చేద్దామనుకుంటే కంపెనీకి వెంటనే తెలియజేయండి, సర్వే అయ్యేదాకా ఒక్క స్క్రూ కూడా విప్పించొద్దు.

క్లియర్‌కోట్

బంపర్ గురించి నేను చెప్తాను. గీతల్లో సగం మీ పెయింట్ పోవడం కాదు, వాళ్ళ తెల్ల పెయింట్ మీ క్లియర్ మీద కూర్చోవడం. కడిగాక తారు తీసే లిక్విడ్‌తో మెత్తటి మైక్రోఫైబర్ పెట్టి తుడవండి. మిగిలినదానికి కాంపౌండ్, చేత్తోనే. మెషిన్ పెడితే ప్లాస్టిక్ మీద వేడి బయటికి పోదు, అంచుల్లో క్లియర్ కాలిపోతుంది. ఆ తరవాత ఏం మిగిలిందో చూసి నిర్ణయించండి. నల్ల ప్లాస్టిక్ తేలిన రెండు చోట్లా పెయింట్ తప్పదు.

బంపర్ ఊడదీసి వేయించండి, కారు మీద మాస్కింగ్ టేప్ పెట్టి వద్దు. పార్కింగ్ సెన్సర్లు బయటికి తీయాలి. వాటి ముఖం మీద అదనపు పొర పడితే ఏమీ లేకపోయినా బీప్ కొడతాయి. గీతల అంచులు పీ320 శాండ్ పేపర్‌తో పల్చన చేసి, తేలిన ప్లాస్టిక్ మీద అడ్హీషన్ ప్రమోటర్ (పెయింట్ అతుక్కునేలా చేసే పూత) కొట్టాలి. షాపుల్లో ఎగ్గొట్టేది ఇదే. అది లేకపోతే ఇవాళ అద్దంలా ఉన్న బంపర్ ప్రెషర్ వాష్ కింద అంచునుంచి పొరలుగా లేచిపోతుంది. ఆపైన ఫ్లెక్స్ (పెయింట్ వంగినా పగలకుండా చేసే మందు) కలిపిన 2కె (హార్డెనర్ కలిపే రకం) ప్రైమర్, పీ800 తడి రుద్దుడు, బేస్ (రంగు పొర) రెండు మూడు కోట్లు, క్లియర్ రెండు కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య 10 నుంచి 15 నిమిషాలు. బూత్‌లో 60 డిగ్రీల దగ్గర అరగంట.

రంగు కోడ్ డ్రైవర్ డోర్ స్తంభం స్టిక్కర్ మీద ఉంటుంది, మాగ్నెటిక్‌కు జె7. కోడ్ దొరికింది కదా అని నేరుగా కొట్టనివ్వకండి. ఏ కోడ్‌కైనా కాస్త తేడాతో షేడ్లు ఉంటాయి, మీ కారు ఎండకు మారి ఉంటుంది. ముందు కార్డు మీద కొట్టి, క్లియర్ కూడా వేసి, ఆరాక క్వార్టర్ ప్యానెల్ పక్కన ఎండలో పెట్టి ఎదురుగా, ఏటవాలుగా, బాగా పక్కనుంచి చూడాలి. మెటాలిక్ గ్రేలో బేస్ తడిగా పడితే అల్యూమినియం రేణువులు మునిగి రంగు నల్లబడుతుంది, పొడిగా పడితే తెల్లబడుతుంది. చివరి పల్చటి మిస్ట్ కోట్‌తో దాన్ని సరిచేసేవాడే పెయింటర్.

క్వార్టర్ పీడీఆర్‌తో తేలిపోతే రంగు గొడవ బంపర్‌తో ఆగుతుంది. ప్లాస్టిక్ బంపర్‌కూ రేకుకూ ఏ కారులోనైనా వెంట్రుకవాసి తేడా ఉంటుంది, కంటికి ఆనదు. క్వార్టర్‌కు పెయింట్ తప్పని పరిస్థితే వస్తే బేస్‌ని ఆ ప్యానెల్‌లోనే వెదజల్లి ఆపి, క్లియర్ మాత్రం పైదాకా పూర్తిగా వేయమనండి. సీ పిల్లర్ (వెనక అద్దం పక్కన పైకప్పును మోసే స్తంభం) మధ్యలో థిన్నర్‌తో కరిగించి కలిపేస్తామంటారు. ఆ అంచు ఎండకు పసుపు తిరిగి గీతలా బయటపడుతుంది. ఎడమవైపు మొత్తం పెయింట్ వేయడానికి కారణమే లేదు, మీ డెంట్ డోర్‌కు చాలా దూరంలో ఉంది.

సెల్లార్_బి2

అందరికీ థాంక్స్. టార్చ్ పెట్టి చూశాను, చీలికలు లేవు, గోరు ఎక్కడా పట్టుకోలేదు. మీటర్ పెట్టించాను, క్వార్టర్ 118 నుంచి 131 మధ్య వచ్చింది. పీడీఆర్‌కే వెళ్తున్నాను, క్లెయిమ్ లేదు. పక్కవారు కాగితం మీద సంతకం పెట్టారు. చక్రం గురించి ఎవరూ చెప్పలేదు. పని అయ్యాక బంపర్, క్వార్టర్ రెండింటికీ పీపీఎఫ్ (పెయింట్‌ను కాపాడే పారదర్శక ఫిల్మ్) వేయిద్దామనుకుంటున్నా, ఎప్పుడు వేయించాలి?

బెజవాడ_వి8

చక్రం ముందు చూడాల్సింది సార్, అందానికి కాదు. టైరు పక్కగోడను చేత్తో తడిమి చూడండి. బుడగ ఉన్నా, కోత లోపల దారాలు కనిపించినా టైరు మార్చాల్సిందే, ప్యాచ్ పనికిరాదు. తరవాత చక్రాన్ని బ్యాలెన్సింగ్ మెషిన్ మీద ఎక్కించి బరువులు పెట్టకుండా తిప్పమనండి. లోపలి అంచు, బయటి అంచు రెండూ ఊగకుండా తిరగాలి. దీనికి వెనక కూడా ఇండిపెండెంట్ సస్పెన్షనే కాబట్టి పక్కనుంచి తగిలిన దెబ్బ టోని (చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కదిపే వీలుంది. నాలుగు చక్రాల అలైన్‌మెంట్ ప్రింట్ తీసుకుని వెనక ఎడమ, కుడి టో పోల్చండి. తేడా ఉంటే ఆ ఖర్చు కూడా పక్కవారి కాగితంలోకి వెళ్ళాలి. అందుకే ఇది పెయింట్ పని మొదలుకాకముందే అయిపోవాలి.

అంచు గీతకు పౌడర్ కోటింగ్ వద్దు. దాన్ని 200 డిగ్రీల దరిదాపుల్లో కాలుస్తారు, పోత అల్లాయ్‌కు అంత వేడి అనవసరం. గీత వరకు సమం చేసి, పీ400తో రుద్ది, ప్రైమర్, వీల్ పెయింట్, క్లియర్ చాలు. పగులు కనిపిస్తే మాత్రం వెల్డింగ్ మాట ఎత్తనివ్వకండి, చక్రం మార్చేయాలి.

పీపీఎఫ్ క్వార్టర్‌కు డెంట్ తీసిన మర్నాడే వేయించుకోవచ్చు, అది ఫ్యాక్టరీ పెయింటే. కొత్త పెయింట్ పడిన బంపర్‌కు మాత్రం 30 రోజులు ఆగాలి. సాల్వెంట్ ఇంకా బయటికి వస్తుంటుంది, ఫిల్మ్ కింద బుడగలు కడతాయి. సిరామిక్, వ్యాక్స్ కూడా అప్పటిదాకా వద్దు.

డెలివరీ రాత్రి ట్యూబ్ లైట్ కింద తీసుకోకండి, పగలు ఎండలో తీసుకోండి. టెయిల్ ల్యాంప్ చుట్టూ రబ్బరు సరిగ్గా కూర్చుందా చూడండి, లేకపోతే వానలో డిక్కీలోకి నీళ్ళు దిగుతాయి. చక్రం నట్లు గాలి గన్‌తో బిగించి వదిలేస్తారు, టార్క్ రెంచ్‌తో 204 న్యూటన్ మీటర్లకు బిగించమనండి. 160 కిలోమీటర్ల లోపు ఇంకోసారి చెక్ చేయించుకోండి.