లెడ్‌బీటర్ పాసమ్ కోసం అడవిలో కోత ఆపడం న్యాయమేనా?

యర్రాఒడ్డు:
ఆస్ట్రేలియాలో మెల్బోర్న్‌కు తూర్పున మేరీస్‌విల్, వార్‌బర్టన్, పోవెల్‌టౌన్ చుట్టూ ఉన్న కొండ అడవుల్లో లెడ్‌బీటర్ పాసమ్ అనే చిన్న జంతువు ఉంటుంది. బరువు నూట ముప్ఫై గ్రాముల చుట్టుపక్కల. కంగారూలాగే పిల్లను పొట్టసంచిలో పెంచుతుంది. బతుకంతా చెట్ల మీదే. 1909 తరువాత ఎవరి కంటా పడకపోవడంతో అంతరించిందనుకున్న ఈ జీవి 1961లో మేరీస్‌విల్ దగ్గర ఎరిక్ విల్కిన్సన్‌కు కనిపించింది. 1971లో మెల్బోర్న్ ఉన్న విక్టోరియా దీన్ని రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. 2015లో కేంద్ర ప్రభుత్వం అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల వర్గంలో చేర్చింది. 2024 జనవరి 1 నుంచి రాష్ట్ర అడవుల్లో సహజ వృక్షాల వాణిజ్య కోత ఆగిపోయింది. ఇక్కడి తెలుగువాళ్లలో కలప పని చేసినవారూ ఉన్నారు, ఆ అడవుల కోసం శ్రమిస్తున్నవారూ ఉన్నారు కనుక అడుగుతున్నాను: ఆ నిర్ణయం న్యాయమేనా? న్యాయమే అయితే, ఆ జంతువు బతకడానికి అది చాలునా?

దుంగలబండి:
న్యాయం కాదు. నేను విక్టోరియా తూర్పు భాగమైన గిప్స్‌ల్యాండ్‌లో ఒక కోత మిల్లులో పదకొండేళ్లు రంపాలకు పదును పెట్టాను. 2014 నుంచి ఉన్న నియమం ప్రకారం, ఒక చోట పాసమ్ ఉన్నట్టు తేలితే దాని చుట్టూ రెండు వందల మీటర్ల వృత్తం గీసి, పన్నెండున్నర హెక్టార్ల అడవిని కోతకు మూసేసేవారు. వెతికినకొద్దీ అవి దొరుకుతూ వచ్చాయి, వృత్తాలు వందల్లోకి చేరాయి. వందల చోట్ల దొరికే జంతువును అంతరించిపోతోందని ఎలా అంటారో నాకు లెక్కతో చెప్పాలి.

వానకోయిల:
ఆపడం మంచి పనే. నరికిన చెట్టును తిరిగి నిలబెట్టలేము.

బూరుగునీడ:
దుంగలబండి గారూ, నేను నాలుగేళ్లుగా స్వచ్ఛందంగా లెక్కింపుకు వెళ్తున్నాను కనుక కళ్లతో చూసిందే చెబుతాను. పొద్దుగూకే వేళకు, చచ్చి నిలబడిన పెద్ద మోడు చుట్టూ మనిషికొక వైపున కూర్చుంటాము. దీపం వెలిగించము, మాట్లాడము. కింద అంతా చీకటి పడి ఆకాశంలో మాత్రం కాస్త వెలుగు మిగిలి ఉన్నప్పుడు తొర్ర అంచున చిన్న తల కనిపిస్తుంది, క్షణం ఆగుతుంది, ఆ వెంటనే కొమ్మ వెంట పరుగు తీసి పక్క చెట్టులోకి దూకేస్తుంది. మొదట సన్నగా ఉండి చివరికి లావెక్కే తోకను బట్టి అదేనని గుర్తుపడతాము. ఒక రాత్రి ఒకే తొర్రలోంచి ఐదు బయటికి రావడం లెక్కపెట్టాను. అంతకు ముందు పదకొండు రాత్రులు వేరువేరు మోడుల కింద కూర్చుంటే ఒక్కటీ రాలేదు.

ఎక్కువ దొరకడం వేరు, ఎక్కువ ఉండటం వేరు. చెట్లెక్కి కెమెరాలు కట్టి వెతికాక కొత్త చోట్లు తెలిశాయే తప్ప కొత్త జంతువులు పుట్టుకురాలేదు. వాటి ఇళ్లు మాత్రం కూలుతున్నాయి. అవి ఎక్కువగా ఉండేది మౌంటెన్ యాష్ తొర్రల్లో. మనం జామాయిల్ అనే చెట్టు కుటుంబమే, కాని తొంభై మీటర్ల దాకా పెరుగుతుంది. పాసమ్ కాపురం ఉండదగిన తొర్ర పడాలంటే ఆ చెట్టుకు ఇంచుమించు నూట యాభై ఏళ్లు రావాలి. మంట గట్టిగా సోకితే ఆ చెట్టు చచ్చిపోతుంది, దాని విత్తనాల నుంచి కొత్త అడవి లేస్తుంది. 1939 జనవరి మంటల్లో ఆ అడవిలో చాలా భాగం కాలింది కనుక, ఈ రోజు మనం చూసే చెట్లలో అత్యధికం ఎనభై అయిదేళ్ల పైబడినవే తప్ప తొర్ర పడినవి కావు. 2009 ఫిబ్రవరి 7న, 173 మంది మనుషులను బలిగొన్న మంటలు ఈ జంతువు నివాసంలోనూ మూడో వంతుకు పైగా కాల్చేశాయి. మీరు చెప్పిన వృత్తాలన్నీ ఎదుట ఉంచుకునే కేంద్రం 2019లో మళ్లీ సమీక్షించి, దాన్ని ఆ అత్యంత తీవ్ర ముప్పు వర్గంలోనే ఉంచింది.

దుంగలబండి:
ఆ లెక్క నాకే అనుకూలంగా ఉంది. 1939లో పుట్టిన చెట్టుకు తొర్ర పడేది 2090 ప్రాంతంలో. మరి 2024లో మిల్లులు మూయించి ఈ జంతువుకు మీరు ఇచ్చిందేమిటి? కోసిన చోట తుమ్మ జాతి వాటిల్ చెట్లు గుబురుగా లేస్తాయి, పాసమ్ ముఖ్యమైన ఆహారం ఆ తుమ్మ జిగురే. ఆ సంగతి మీ మాటల్లో ఎక్కడా రాలేదు. రెండు వందల మీటర్ల సంగతికి కూడా ఇంకా జవాబు రాలేదు.

బూరుగునీడ:
ఎనభై అయిదేళ్ల చెట్టును ఇవాళ కోస్తే గడియారం మళ్లీ సున్నా దగ్గర మొదలవుతుంది, 2090 కాస్తా 2175 ప్రాంతం అవుతుంది. జిగురు ఉన్నా తొర్ర లేని చోట పాసమ్ ఉండలేదు. కోసినదాంట్లో పెద్ద వంతు కాగితపు గుజ్జుకే పోయిందని మిల్లులో పనిచేసిన మీకు నాకంటే బాగా తెలుసు.

వానకోయిల:
అందాకా తొర్రలకు బదులు చెట్లకు చెక్కపెట్టెలు కడితే సరిపోదా?

బూరుగునీడ:
కడుతున్నారు. లేక్ మౌంటెన్ అనే కొండ మీద 2009 మంటల తరువాత అవి నిజంగా ఆదుకున్నాయి. బతికున్న చెట్టులో రంపంతో తొర్ర చెక్కడం కూడా మొదలైంది. కాని పెట్టె కొన్నేళ్లకే పాడైపోతుంది, ఎవరో ఒకరు ఎప్పటికప్పుడు ఎక్కి మార్చుతూ ఉండాలి.

చట్టంచదివినవాడు:
ఒక సవరణ. కోతను ఆపించింది పాసమ్ కాదు. పాసమ్ మిత్రుల సంఘం 2020లో ఫెడరల్ కోర్టులో గెలిచినా, 2021లో అప్పీలులో ఆ తీర్పు కొట్టివేశారు. కేంద్రం, రాష్ట్రం కలిసి చేసుకున్న ప్రాంతీయ అటవీ ఒప్పందాల కింద జరిగే కోతకు కేంద్ర చట్టం నుంచి మినహాయింపు వర్తిస్తుందన్నారు. కోత నిజంగా స్తంభించింది 2022 నవంబరులో, గ్రేటర్ గ్లైడర్ అనే మరో జంతువు విషయంలో, కోతకు ముందు ఆ తావునంతా సర్వే చేసి తీరాలని రాష్ట్ర సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత. కనుక చర్చ శీర్షికే సరికాదు.

దుంగలబండి:
జంతువు పేరు ఏదైనా నా జీతం ఆగింది కదా.

యర్రాఒడ్డు:
శీర్షిక పొరపాటును ఒప్పుకుంటున్నాను. నా రెండో ప్రశ్నను మాత్రం ఎవరూ అందుకోలేదు. మెల్బోర్న్‌కు తూర్పునే ఉన్న యెల్లింగ్‌బో అభయారణ్యంలో పల్లపు ప్రాంతపు పాసమ్‌లు యాభైకి లోపే మిగిలాయి. కొండమీది వాటితో జతకట్టించి వాటి సంతానాన్ని బలపరిచే పని హీల్స్‌విల్ శాంక్చురీ అనే జంతు సంరక్షణశాల చేపట్టింది. దాని మీద మీ అభిప్రాయం ఏమిటి?

కడపమట్టి:
నాకు ఈ వాదన కొత్తది కాదు. 1900 తరువాత కనిపించని కలివికోడి అనే పక్షి 1986లో మా కడప జిల్లా లంకమల పొదల్లో దొరికింది. వేటగాడు ఐతన్న సాయంతో పక్షి శాస్త్రవేత్త భరత్ భూషణ్ గారు దాన్ని మళ్లీ లోకానికి చూపించారు. ఆ తరువాత దాని కోసం తెలుగుగంగ కాలువ దారి మార్చారు. మా మేనమామ నీళ్లు వస్తాయని నమ్మి బోరు వేయించకుండా ఆగాడు. కాలువ ఎప్పుడు వస్తుందో చెప్పమని ఒక కార్యాలయం చుట్టూ మూడేళ్లు తిరిగినా ఒక్క కాగితం ముక్క ఇవ్వలేదు. నాకు ఆ పక్షి మీద కోపం లేదు, అది మా నేలదని గర్వంగా ఉంటుంది. కాని మా మామ అప్పు మాత్రం ఆయన ఒక్కడే తీర్చాడు.

బూరుగునీడ:
అది బాధాకరమే, కాని జంతువు లెక్కలో మనుషుల అప్పులు కలిపితే ఏ అడవీ మిగలదు. దుంగలబండి గారు మొదటి నుంచీ వాదిస్తున్నది వృత్తాల గురించి కాదు, తన ఉద్యోగం గురించి. ఆ మాట సూటిగా ఒప్పుకుంటే బాగుంటుంది.

దుంగలబండి:
ఒప్పుకుంటాను. ఇందులో దాచుకోవలసిందేమీ లేదు. కోతకు 2030 దాకా గడువు ఉందని 2019లో ప్రభుత్వం చెప్పింది, దాన్ని నమ్మి ఇంటి అప్పు తీసుకున్నాను. 2023 మేలో ఒక సాయంత్రం టీవీ వార్తల్లో, ఈ ఏడాది చివరికే అంతా ముగుస్తుందని విన్నాను. మాకు మిల్లు చెప్పలేదు, ప్రభుత్వం చెప్పలేదు, టీవీ చెప్పింది. పరిహారం ఇచ్చారు, తీసుకున్నాను. కాని ఆ అడవిలో ఏ వాలు మీద మంట ఎలా ఎక్కుతుందో తెలిసినవాళ్లను ఒక్కరినైనా కూర్చోబెట్టి అడిగిన పాపాన పోలేదు. పాసమ్ నివాసాన్ని మంట ఎంత కాల్చేసిందో మీరే రాశారు. మంట వచ్చిన ప్రతిసారీ బుల్డోజర్లతో అడ్డుగీతలు తీసినవాళ్లలో కోత కాంట్రాక్టర్లు ముందుండేవారు. ఆ యంత్రాలు ఇప్పుడు అమ్ముడుపోతున్నాయి. నేను చెట్టు నరకడం కోసం వాదించడం లేదు. అడవి గురించి నిర్ణయం అడవిలో పనిచేసేవాడి పరోక్షంలో జరగకూడదని వాదిస్తున్నాను.

చట్టంచదివినవాడు:
ఈ మాట మీ మొదటి పోస్టులోనే ఉండవలసింది.

బూరుగునీడ:
కోసిన తరువాత గుబురుగా లేచే లేత అడవిలో మంట మరింత ఉధృతంగా సాగుతుందని కొందరు శాస్త్రవేత్తలు అంటారు, మరికొందరు ఒప్పుకోరు. నేను మొదటివాళ్ల మాట నమ్ముతాను కనుక కోత ఆగడమే సరైనదని ఇప్పటికీ అంటాను. మెల్బోర్న్ తాగే నీళ్లు కూడా చాలావరకు ఆ కొండల నుంచే వస్తాయి కనుక నగరవాసికి కూడా ఆ అడవి గురించి మాట్లాడే హక్కు ఉంది. అయితే మిమ్మల్ని అడగకపోవడం తప్పు, అది నేను ముందే అనవలసింది. ఉద్యోగం గురించి నేనన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. బుల్డోజర్ల సంగతికి నా దగ్గర జవాబు లేదు.

దుంగలబండి:
మంచిది. రెండు వందల మీటర్ల వృత్తం తప్పు లెక్క అన్న మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను.

కడపమట్టి:
యెల్లింగ్‌బోలో ఆ యాభై లోపు వాటిని కాపాడే పని ఊరివాళ్లను అడిగి చేస్తున్నారా, అడగకుండానా? ఎవరికైనా తెలిస్తే రాయండి.