పాప పాలిటెక్నిక్ అంటోంది, ఇంట్లో ఇంటర్ అంటున్నారు. అసలు మన చదువుల్లో ఏం మారాలి?

ప్రశ్న: గాజువాక అమ్మ

మా పాప పదో తరగతి. దానికి మెషీన్లంటే ప్రాణం. మిక్సీ ఆగిపోతే వాళ్ల నాన్న కంటే ముందు అదే స్క్రూడ్రైవర్ పట్టుకుంటుంది. విశాఖ కంచరపాలెం పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతానంటోంది. మా అత్తగారేమో "ఆడపిల్లకి వర్క్‌షాపేమిటి, ఎంపీసీలో చేర్పించి హాస్టల్లో పెట్టండి" అంటున్నారు. పక్కింటి అబ్బాయి బీటెక్ పూర్తి చేసి ఖాళీగా ఉన్నాడు. కష్టపడి చదివిన పిల్లాడే. అది చూశాకే నాకీ టెన్షన్. పాపని ఎందులో చేర్చమంటారు? హైస్కూల్లో, కాలేజీల్లో ఏం మారితే ఈ పిల్లలు తమ కాళ్ల మీద తాము నిలబడతారు?

జవాబు: ఆటోనగర్ సూపర్‌వైజర్

అమ్మా, నేను ఆటోనగర్‌లో ఒక మెషీన్ షాపులో సూపర్‌వైజర్ని. పనికోసం వచ్చే కుర్రాళ్లని ముందు చూసేది నేనే. ఒక షాఫ్ట్ (మోటారులో తిరిగే ఇరుసు) ముక్క, సన్నటి కొలతలు తీసే వెర్నియర్ ఒకటి చేతికిచ్చి "కొలిచి చెప్పు బాబూ" అంటాను. షాఫ్ట్‌ని పట్టుకుని నున్నగా తిరగనిచ్చేది బేరింగ్. 6205 నంబరు బేరింగ్‌కి లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. షాఫ్ట్ అంతకంటే మిల్లీమీటరులో పదో వంతు తగ్గినా బేరింగ్ లోపల జారి తిరుగుతుంది, వేడెక్కుతుంది, బాగుచేసి పంపిన మోటారు మళ్లీ షెడ్డుకే వస్తుంది.

ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో మొదటి ప్రయోగమే వెర్నియర్. లీస్ట్ కౌంట్, అంటే దాంతో కొలవగలిగే అతి చిన్న కొలత, దాని ఫార్ములా చాలామంది గడగడా చెప్పేస్తారు. జీరో ఎర్రర్ అంటే ఏమిటో కూడా చెబుతారు. కానీ కొలవబోయే ముందు వెర్నియర్ మూసి సున్నా మీద సున్నా కూర్చుందో లేదో చూసేవాడు ఎప్పుడో ఒకడు. తెలివి లేక కాదు. రికార్డులో రీడింగులు సీనియర్ రికార్డు చూసి దింపుకున్నామని, ల్యాబ్ తాళం పరీక్షల ముందు తీశారని వాళ్లే చెబుతారు.

అందుకే ముందు పరీక్ష మారాలంటాను. పరీక్షలో ఏది అడిగితే బళ్లో అదే చెబుతారు. పదో తరగతి పబ్లిక్‌లో 600 మార్కులూ రాత మీదే. ఇంటర్ సెకండియర్‌లో ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌కి 30 మార్కులున్నా, ఎలాగూ వేస్తారన్న ధీమా అందరిదీ. తొమ్మిదో తరగతి నుంచే ముందుగా చెప్పని వస్తువొకటి ఇచ్చి పని చూపించమనాలి. ఒకరికి పైపు ముక్క, ఒకరికి నట్టు, ఒకరికి వెలగని స్విచ్ బోర్డు. తర్వాత ఏం చేశారో, ఎక్కడ అనుమానం వచ్చిందో సొంత మాటల్లో అరపేజీ రాయమనాలి.

ఆ అరపేజీ మీద నాకు పట్టుదల ఎక్కువ. షిఫ్టు మారేటప్పుడు మా లాగ్ బుక్కులో "మెషీన్ సరిగా లేదు" అని రాసి వెళ్లిపోతారు. ఏం చప్పుడు వస్తోంది, ఎప్పట్నుంచి, ఎంత లోడు మీద వస్తోంది అని రాస్తే తర్వాత వచ్చేవాడు వెతుక్కునే పని తప్పుతుంది. పదేళ్లు వ్యాసాలు బట్టీపట్టిన పిల్లలు ఆ నాలుగు వాక్యాలు రాయలేకపోతుంటే నాకు బాధేస్తుంది.

ఇక పాప సంగతి. డిప్లొమా మూడేళ్లు, అందులో ఆరు నెలలు ఇండస్ట్రియల్ ట్రైనింగ్. తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఆ మాట అత్తగారికి చెప్పండి.

జవాబు: ఇంటర్ లెక్చరర్, ఎంవీపీ కాలనీ

రికార్డుల సంగతి నిజమే. నా భయం వేరు. పదిహేనేళ్లకే నీది చేతిపని, నీది చదువు అని విడదీస్తే చేతిపని వైపు నెట్టేది డబ్బులేని ఇంటి పిల్లల్నే. ఒకేషనల్ కోర్సులకి మార్కులు తక్కువొచ్చినవాళ్లని పంపడం నేను చూస్తూనే ఉన్నాను. 1964లో వేసిన కొఠారీ కమిషన్ పని అనుభవం పిల్లలందరికీ ఉండాలంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, కుమ్మరుల లాంటివాళ్ల దగ్గర నేర్చుకోమంది. పది రోజులు దేనికి సరిపోతాయండి? ఇంకోటి, సెక్షన్ నిండా పిల్లల్ని పెట్టి నాలుగు వెర్నియర్లు ఇస్తే ఏ లెక్చరరైనా ఏం చేయగలడు?

జవాబు: బీకాం ఫైనలియర్

మాకు డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకి జాలరిపేటలో ఇంటింటికీ తిరిగాను. బోటు తిరిగొచ్చాక డీజిలు, ఐసు ఖర్చులు తీసేసి వాటాలు ఎలా పంచుకుంటారో ఒక పెద్దమ్మ నోటిలెక్కతోనే చెప్పింది. భాగస్వామ్య ఖాతాలు నాకు అప్పుడే అర్థమయ్యాయి. మా క్లాసులో కొందరు మాత్రం డబ్బులిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. చూసేవాళ్లు లేకపోతే ఏ మార్పైనా ఇంతే.

గాజువాక అమ్మ

అన్నయ్యా, ఆడపిల్ల ఆ పనిలో నెగ్గుకొస్తుందా?

ఆటోనగర్ సూపర్‌వైజర్

వస్తుందమ్మా. మా దగ్గర క్వాలిటీ చెకింగ్‌లో, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్ల మీద డిప్లొమా అమ్మాయిలున్నారు. బరువులు క్రేన్ ఎత్తుతుంది. అయితే చిన్న షెడ్లలో ఆడవాళ్లకి సరైన టాయిలెట్ ఉండదు. ట్రైనింగ్‌కి పంపేముందు అది అడిగి తెలుసుకోండి, మొహమాటపడొద్దు.

లెక్చరర్ గారూ, మీ భయం న్యాయమైనదే. అందుకే తొమ్మిదో తరగతి నుంచి అంటున్నాను, రేపు డాక్టరయ్యే పిల్లకీ అదే పరీక్ష ఉండాలి.

అమ్మా, పాలిటెక్నిక్‌లో చేరడానికి రాసే పాలీసెట్ 120 మార్కులకి, లెక్కలు 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30. పదో తరగతి సిలబస్సే. చేర్చేముందు ఏ కాలేజీ అయినా వర్క్‌షాపు చూపించమనండి. లేత్ (ఇనుప ముక్కని తిప్పుతూ చెక్కే మెషీన్) కింద ఇనుప రజను ఉందా, బెడ్ మీద నూనె తడి ఉందా చూడండి. దుమ్ము పేరుకుని ఉంటే అక్కడ పని జరగడం లేదని అర్థం. పాపని మా షెడ్డుకీ ఒకసారి తీసుకురండి, ఓనర్‌ని అడిగి ఉంచుతాను. బూట్లు వేసుకోవాలి, జడ ముడి పెట్టుకోవాలి, చున్నీ వద్దు.