నాన్నలు పిల్లల్ని చూసుకునే కామెడీ షార్ట్ ఫిల్మ్: పసిపిల్లలతో షూటింగ్ ఎలా ప్లాన్ చేయాలి?

స్క్రిప్ట్‌పుస్తకం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 18 నిమిషాల షార్ట్ ఫిల్మ్ స్క్రిప్ట్ దాదాపు పూర్తయింది. పక్కపక్క ఇళ్లలో ఉండే ఇద్దరు నాన్నలు. భార్యలిద్దరూ ఒకే రోజు పని మీద ఊరెళ్తారు. సాయంత్రం దాకా ముగ్గురు పిల్లలు వీళ్ల చేతిలో: 11 నెలల పాప, రెండున్నరేళ్ల బాబు, నాలుగున్నరేళ్ల అమ్మాయి. అంతా ఒకే ఇంట్లో, నాలుగు రోజుల షెడ్యూల్.

ముఖ్యమైన సీన్లు ఐదు. డైపర్ మార్చడం, గోడకి రంగులు పూయడం, పౌడర్ డబ్బా మొత్తం ఒలికిపోవడం, నాన్న పాపనెత్తుకుని మెట్ల మీద పరిగెత్తడం, పిల్లల్ని నిద్రపుచ్చబోయి నాన్నలే నిద్రపోవడం.

ఆ వయసు పిల్లల దగ్గర కావలసింది ఎలా రాబట్టాలి? రెండు కెమెరాలు తప్పనిసరా? ఇంకోటి, స్క్రిప్ట్ చదివిన వాళ్లు "నాన్నల్ని మరీ చేతకానివాళ్లుగా చూపించావు" అంటున్నారు. అది ఎక్కడ సరిచేయాలో కూడా చెప్పండి.

మూడో_టేక్

మూడేళ్లలోపు పిల్లలు నటించరు. ఆడుకుంటారు, విసుక్కుంటారు, నిద్రపోతారు. మన కెమెరా దాన్ని పట్టుకోవాలి, అంతే. నటించాల్సిందంతా నాన్నలే. కాబట్టి పిల్లాడు ఏం చేసినా సీన్ నడిచేలా రాసుకోండి. "బాబు గిన్నె ఎత్తి గోడ మీద రంగు పోస్తాడు" అని రాస్తే ఆ ఒక్క పని కోసం పూట పోతుంది. "నాన్న ఫోన్‌లో ఆఫీసు మాట్లాడుతుంటే బాబు రంగుతో ఏదో చేస్తాడు, నాన్న ఫోన్ పెట్టలేడు, బాబుని ఆపలేడు" అని రాస్తే బాబు ఏం చేసినా మీకు షాటే.

పిల్లల షాట్లు ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర మధ్య పెట్టండి. ఈ వయసు వాళ్లు చాలామంది మధ్యాహ్నం భోజనం కాగానే పడుకుంటారు. పడుకునే టైమ్‌కి అరగంట ముందు మొదలుపెట్టిన సీన్ పూర్తికాదు. ఒక్కో విడత 20 నిమిషాలు, తర్వాత సెట్ బయటికి పంపేయాలి. నాన్నల రియాక్షన్లు, ఫోన్ మాటలు, ఒంటరి షాట్లు అన్నీ మధ్యాహ్నానికి నెట్టండి. పిల్లలున్న స్క్రిప్ట్ పేజీలు రోజుకి ఒకటిన్నర దాటించొద్దు.

రెండు కెమెరాలు కావాలి. డబ్బు ఇంకెక్కడైనా మిగుల్చుకోండి. ఒకటి పిల్లల మీద 85 ఎంఎం లెన్స్‌తో (దూరం నుంచే దగ్గరగా చూపించేది), దూరంగా. కెమెరామన్ ముఖం దగ్గరగా కనిపిస్తే బాబు ఆట మానేసి ఆయన్నే చూస్తాడు. రెండోది 35 ఎంఎం లెన్స్‌తో, నాన్నతో కలిపి వెడల్పుగా. మొదటి కెమెరా ఎత్తు నేల నుంచి 75-80 సెంటీమీటర్లు. రెండున్నరేళ్ల పిల్లల కన్ను దాదాపు అక్కడే ఉంటుంది. మనం నిలబడి కిందికి తీస్తే పిల్లలు సామాన్లలా కనిపిస్తారు, నాన్న పడే అవస్థ తేలిపోతుంది.

లైట్లన్నీ సీలింగ్‌కి కొట్టి బౌన్స్ చేయండి, అంటే వెలుగు పైనుంచి తిరిగి గదంతా పడాలి. పిల్లాడు గదిలో ఏ మూలకి వెళ్లినా ఎక్స్‌పోజర్ (చిత్రంలో వెలుగు స్థాయి) నిలవాలి. నేల మీద స్టాండ్లు వీలైనంత తగ్గించండి. తప్పనిసరైన వాటికి ఇసుక బస్తాలు వేయాలి, కేబుల్ మొత్తం టేప్‌తో అంటించేయాలి. క్లాప్ షాట్ మొదట్లో కొట్టొద్దు. ఆ చప్పుడుకి పిల్లలు ఉలిక్కిపడతారు. కెమెరా నిశ్శబ్దంగా రోల్ చేసి, క్లాప్ చివర్లో బోర్డు తలకిందులుగా పెట్టి కొట్టండి. "యాక్షన్" అని అరవడం కూడా మానేసి చేత్తో సైగ చేయండి.

నాన్న వేషం వేసేవాళ్లు షూటింగ్‌కి ముందు రెండు మూడు సార్లయినా పిల్లలతో గంటసేపు ఆడుకోవాలి. అదే గడ్డం, అదే కళ్లజోడు, వీలైతే అదే చొక్కా. 11 నెలల పాపకి కొత్తవాళ్లంటే భయం బాగా ఉండే వయసు. అన్ని రోజులూ గడ్డంతో చూసిన మనిషి షూటింగ్ రోజు నున్నగా గీసుకుని వస్తే పాప దృష్టిలో అతను కొత్త మనిషే.

మెట్ల సీన్‌లో పాపని వాడనే వాడొద్దు. బొమ్మ చేయించండి, దానిలో బరువు నింపండి. ఆ వయసు పాప 8-9 కిలోలు ఉంటుంది. ఖాళీ బొమ్మతో పరిగెడితే నటుడి భుజం కిందికి జారదు, మోచెయ్యి లాగదు, చూసేవాడికి వెంటనే తెలిసిపోతుంది. గుడ్డ సంచుల్లో ఇసుక కట్టి నడుము దగ్గర ఎక్కువ, తల దగ్గర తక్కువ పెట్టండి. మెడ దగ్గర కుట్టు వదులుగా ఉంటే తల సహజంగా ఊగుతుంది. మెట్ల పైన అసలు పాపతో నిలబడిన షాట్, కింద సోఫాలో అసలు పాపతో కూర్చున్న షాట్, మధ్యలో వెనకనుంచి బొమ్మతో. చాలు.

పేజీ_నంబర్

స్క్రిప్ట్ సంగతి చెప్తాను. నాన్నలు చేతకానివాళ్లు కావడం తప్పు కాదు. తెలివితక్కువవాళ్లుగా ఉండటమే విసుగు తెప్పిస్తుంది. తేడా ఇదీ: డైపర్ తలకిందులుగా పెట్టేవాడిని చూసి ఒక్కసారి నవ్వుతాం. తనకి బాగా వచ్చిన పని పద్ధతిని పిల్లల మీద ప్రయోగించి దెబ్బతినేవాడిని సినిమా అంతా చూస్తాం. కాబట్టి ఇద్దరికీ వృత్తులివ్వండి. ఒకతను లెక్కల మనిషి అనుకోండి: గోడ మీద టైమ్‌టేబుల్ అంటిస్తాడు, పాలకి పది నిమిషాలు, నిద్రకి నలభై. రెండో అతను అమ్మకాల మనిషి: ప్రతిదీ బేరమాడి ఒప్పించబోతాడు. రెండున్నరేళ్ల పిల్లాడితో బేరం కుదరదు, "వద్దు" ఒక్కటే మాట. ఇక్కడ ఇద్దరూ తెలివైనవాళ్లే, పద్ధతే పనికిరాలేదు. మీవాళ్లు అడిగింది ఈ గౌరవమే.

ప్రతి పిల్లకీ ఒక్కటే కోరిక పెట్టండి, దాన్ని చివరిదాకా మార్చొద్దు. 2003లో వచ్చిన "డాడీ డే కేర్"లో ఒక పిల్లాడు ఫ్లాష్ అనే సూపర్‌హీరో వేషం విప్పడు. మాట లేకుండానే ఆ పిల్లాడెవరో ప్రేక్షకుడికి గుర్తుండిపోతాడు. పసివాళ్లు చెప్పినట్టు చేయరు కాబట్టి పాత్రని డైలాగులో కాకుండా బట్టల్లో, చేతిలో వస్తువులో దాచుకోవాలి. మీ బాబు చేతిలో రోజంతా గరిటె ఉందనుకోండి, నాన్న దాన్ని లాక్కున్నప్పుడల్లా గొడవ, సాయంత్రానికి నాన్నే వెతికి తెచ్చిస్తాడు. నాన్న మారాడని వేరే చెప్పక్కర్లేదు.

అమ్మలు ఫోన్ చేసి "నాకు తెలుసు మీ వల్ల కాదని" అనే సీన్ ఉంటే తీసేయండి. దానివల్ల ఆడవాళ్లు కాపలాదారులవుతారు, నాన్నలు ట్రైనీలవుతారు. ఇల్లు ఇద్దరిదీ కాకుండా పోతుంది.

ఇంకొకటి. నాన్న ఏ దశలో నేర్చుకున్నాడో ఒక షాట్‌లో చూపించండి. మొదటి డైపర్ సీన్‌లో తడి గుడ్డలు గదికి ఆ చివర ఉంటాయి, పాపని వదిలి వెళ్లలేడు, కాలితో లాక్కుంటాడు. రెండోసారి డైపర్, తుడిచే గుడ్డ, మార్చే బట్టలు ముందే చేతికందేలా సర్దుకుని మొదలుపెడతాడు. ఒక చెయ్యి ఎప్పుడూ పాప మీదే ఉంటుంది. పిల్లల్ని పెంచినవాళ్లు ఆ చేతిని చూసి ఇతనికి పని వచ్చేసిందని అర్థం చేసుకుంటారు.

బూమ్_నీడ

సౌండ్ గురించి క్లుప్తంగా. ముగ్గురు పిల్లలకీ ల్యాపెల్ మైకులు (బట్టలకి తగిలించే చిన్న మైకులు) వద్దు. వైరు మెడకి చుట్టుకోవచ్చు, బ్యాటరీ నోట్లో పెట్టుకోవచ్చు. పైనుంచి బూమ్ (పొడవాటి కర్రకి కట్టిన మైకు) ఒకటి, నాన్నల చొక్కాల్లో ల్యాపెల్ చెరొకటి. నాన్న ఎత్తుకున్నప్పుడు పాప శబ్దం ఆ మైకులోనే బాగా పడుతుంది. చప్పుడు చేసే బొమ్మల్లో బ్యాటరీలు ముందే తీసేయండి, ఆ శబ్దం తర్వాత విడిగా కలుపుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం: కెమెరా వెనకనుంచి "ఇటు చూడు నాన్నా" అని పిలిచే గొంతు. పిలవండి, కానీ పిలిచాక పూర్తిగా ఆగండి. పిల్ల నవ్వు మీద మీ మాట పడితే ఆ నవ్వు పనికిరాదు. నాలుగున్నరేళ్ల అమ్మాయికి డైలాగ్ బట్టీ పట్టించడం కన్నా ప్రశ్న అడగడం మేలు. డైలాగ్ ఐదారు మాటలు దాటనివ్వొద్దు. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఒక సెకను ఖాళీ ఉంటే ఎడిటర్‌కి చాలు. రోజూ సెట్ ఖాళీ అయ్యాక ఒక నిమిషం రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పుడు గదిలో ఉండే శబ్దం) తీసుకోండి.

స్క్రిప్ట్‌పుస్తకం

చాలా థ్యాంక్స్ అండి. గరిటె ఐడియా తీసుకుంటున్నాను. మూడు సందేహాలు మిగిలాయి. పౌడర్, రంగుల సీన్లలో పిల్లలకి హాని లేకుండా ఏం వాడాలి? ఏడుపు షాట్లు ఎలా? పాప పాత్రకి కవలలు కావాలంటారు కదా, దొరకకపోతే?

మూడో_టేక్

పౌడర్ పిల్లలున్న గదిలో ఎగరకూడదు. టాల్కం పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రమాదం. మైదా అయినా దుమ్మే. నాలుగు ముక్కలుగా తీయండి. ఒకటి, ఖాళీ డబ్బాకి మూత గట్టిగా అంటించి పిల్లాడి చేతికివ్వండి, ఊపుకుంటాడు. రెండు, నాన్న గుమ్మంలో ఆగిపోవడం. మూడు, తెల్లటి మేఘం, అందులోంచి నాన్న ముఖం. ఇది పిల్లలెవరూ ఇంట్లో లేనప్పుడు. నాలుగు, గది తడిగుడ్డతో తుడిచి, గాలి ఆడనిచ్చాక పిల్లాడిని కూర్చోబెట్టడం. వాడి చొక్కా మీద, ప్యాంటు మీద కార్న్‌ఫ్లోర్ ముద్ద చేత్తో అద్ది ముందే ఆరబెట్టి ఉంచాలి. ముఖానికి ఏమీ వద్దు.

రంగులకి ఒక కప్పు కార్న్‌ఫ్లోర్, నాలుగు కప్పుల నీళ్లు. ముందు కొంచెం చల్లటి నీళ్లలో కలిపి, మిగతా నీళ్లు మరిగాక పోసి చిక్కబడేదాకా తిప్పండి. పూర్తిగా చల్లారాక తినే రంగు కలపండి. చల్లటి నీళ్లలో కలపకుండా వేస్తే ఉండలు కడుతుంది. నోట్లో పెట్టుకున్నా భయం లేదు, అయినా ఎలర్జీలు తల్లిదండ్రుల్ని ముందే అడగండి. చేతులకి పలచగా నూనె రాస్తే మరక తొందరగా పోతుంది. బాబుకి ఒకే రకం బట్టలు నాలుగు జతలు, నాన్నకి మూడు. శుభ్రంగా ఉన్న షాట్లన్నీ అయ్యాకే మురికి షాట్లు. గోడకి ప్లాస్టిక్ షీటు వేసి పైన అదే రంగు కాగితం అంటించండి, రెండో టేక్‌కి కాగితం మార్చేస్తే సరిపోతుంది. డైపర్‌లో కనిపించాల్సింది మగ్గిన అరటిపండు, కోకో పొడి. కానీ అది చూపించకుండా కెమెరా నాన్న ముక్కు మీద ఉండటమే బాగుంటుంది.

కవలల సంగతి: 1987లో వచ్చిన "త్రీ మెన్ అండ్ ఎ బేబీ"లో పాప పాత్ర కవలలే వేశారు. ఇలా కవలల్ని తీసుకోవడానికి మామూలుగా కారణం చట్టం. కాలిఫోర్నియాలో 6 నెలల నుంచి 2 ఏళ్ల లోపు పిల్లలు సెట్‌లో 4 గంటలే ఉండాలి, అందులో పని 2 గంటలే. ఇద్దరుంటే ఆ టైమ్ రెట్టింపవుతుంది. మీకు దొరకకపోతే పాప షాట్లు రోజుకి ఆరేడుకి తగ్గించుకుని, మిగతా చోట్ల బొమ్మ వెనకనుంచి కనిపించేలా రాసుకోండి.

చట్టం ప్రస్తావన వచ్చింది కాబట్టి: షూటింగ్ ఎక్కడైతే అక్కడి నిబంధన చూసుకోవాలి. భారతదేశంలో 2017 నిబంధనల ప్రకారం పిల్లల పని రోజుకి 5 గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు మించకూడదు, జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి, పిల్లల ఆదాయంలో కనీసం 20 శాతం వాళ్ల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. చిన్న సినిమాయే కదా అని దీన్ని దాటేయకండి. 1921 నాటి "ది కిడ్"లో చేసిన బాల నటుడు జాకీ కూగన్ సంపాదన పెద్దయ్యాక అతనికి మిగల్లేదు. బాల నటుల సంపాదనని కాపాడే 1939 నాటి కాలిఫోర్నియా చట్టం అతని పేరు మీదే వచ్చింది.

కత్తెర

ఏడుపు కోసం ఎవరినీ ఏడిపించకండి. నిజంగా ఏడిస్తే కెమెరా ఆపి అమ్మ చేతికివ్వండి. కావలసిన షాట్ ఇది: పాప ముఖం నాన్న భుజం వైపు తిరిగి ఉండాలి, వీపు మాత్రమే కనపడాలి, నాన్న అటూ ఇటూ నడవాలి. ఏడుపు శబ్దం లైబ్రరీలోంచి. నిద్రకి ముందు కళ్లు నలుపుకునే షాట్ ఒకటి పట్టుకుంటే, దాన్ని ఏడుపు ముందు పెడితే సరిపోతుంది.

ఇలాంటి కామెడీ ఎడిటింగ్‌లో చెడిపోయేది ఒకే చోట. పిల్ల చేసిన పనిని చూపించి వెంటనే నాన్న అరుపుకి కట్ చేస్తారు. అలా కాకుండా పిల్ల షాట్‌ని ఇంకో రెండు సెకన్లు పట్టుకోండి. తను చేసిన పని తనకే నచ్చినట్టు చూస్తుంది కదా, అక్కడ. తర్వాత నాన్న ముఖం, మాట లేకుండా. అరుపు అవసరమే ఉండదు.

కంటిన్యుటీ (ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ పొంతన) పిల్లలతో నిలవదు. గరిటె ఒక షాట్‌లో కుడి చేతిలో, ఇంకో షాట్‌లో ఎడమ చేతిలో ఉంటుంది. ప్రతి సీన్‌కి ఇన్సర్ట్‌లు (మధ్యలో అతికించుకునే చిన్న దగ్గరి షాట్లు) పది పన్నెండు తీసిపెట్టండి: గడియారం, పాలసీసా, చిన్న పాదాలు, నేల మీద పడ్డ రంగు, టైమ్‌టేబుల్ కాగితం. అతకని చోట అవే ఆదుకుంటాయి.

నిద్ర సీన్ మూడో రోజు మధ్యాహ్నం మూడున్నరకి పెట్టండి. పిల్లలు పడుకుని లేచి హుషారుగా ఉంటారు. నాన్నలిద్దరూ కళ్లు మూసుకుని కదలకుండా పడుకోవాలి, బాబు మీదెక్కినా, గరిటె కడుపు మీద పెట్టినా సరే. రెండు కెమెరాలూ ఆపకుండా నడవనివ్వండి. నాలుగో రోజు పిల్లల సీన్లేవీ ముందుగా పెట్టుకోవద్దు. ముగ్గురిలో ఒకరికైనా జలుబు చేస్తుంది, వాళ్లది ఆ రోజు తీసుకోవచ్చు.